రాక్‌వాల్ గోడను కట్టిన దెవరు?

అమెరికా దేశమందలి టెక్సాస్ రాష్ట్రములో, డల్లాస్ మహానగరమునకు తూర్పుదిక్కున, రాక్‌వాల్ అను పట్టణ మొకటి కలదు. 1850 దశకపు తొలి యేండ్లలో అచటికి క్రొత్తగా వలసవచ్చి కాపురములు పెట్టిన రైతులు మంచినీటి నూతికై నేలను త్రవ్వుచుండగా, నల్లరేగడి క్రింద, ఎవరో తాపీపనివారు శ్రద్ధతో పేర్చిపోయినట్లు వరుసలు తీరి నిట్టనిలువుగా నిలిచిన రాతిగోడ యొకటి పలుగునకు తగిలెను. కనుచూపుమేర పచ్చికబయళ్లే తప్ప కొండగాని కోటగాని లేని ఆ ప్రదేశమున, భూగర్భములో గోడ యేమిటని వారు విస్మయము చెందిరి. 1854లో ఊరికి ఆ రాతిగోడ పేరే పెట్టిరి; 1873లో ఏర్పడిన కౌంటీకిని అదియే పేరయ్యెను. నేడు డల్లాస్ చుట్టుప్రక్కల వేలకొలదిగా స్థిరపడిన మన తెలుగువారు ఆ పేరును దారిపలకలపై చదువుచునే యుందురు; దాని వెనుక నూఱేండ్లకు పైబడి సాగిన వివాదము మాత్రము అందఱకు తెలియదు.

ఆ గోడను దగ్గఱనుండి చూచినవారు దానిని మనుష్యుల చేతిపని యనుకొనుటలో తప్పు లేదు. ఇసుకరాతి దిమ్మలు ఇంచుమించు చదరముగా, అంచులు నునుపుదేఱి, ఒకదానిపై నొకటి అమరియుండును. వాని నడిమి సందులలో మెత్తని మట్టి నిండియుండుటచే, అది సున్నపుటడుసు వలెనే తోచును. గోడ మందము కొన్నిచోట్ల అంగుళములలో, కొన్నిచోట్ల అడుగులలో కొలువదగి యుండును. ఇటువంటి దృశ్యము కనులయెదుట నుండగా కథలు పుట్టకుండునా? మైళ్లకొలది సాగిన ఈ గోడలు ఒక ప్రాచీన నగరమును దీర్ఘచతురస్రముగా చుట్టియున్నవని స్థానికులు చెప్పుకొనిరి. ఉత్తర ఆఫ్రికాలో పురాతనస్థలములను త్రవ్వించిన బైరన్ డి ప్రోరోక్ 1920 దశకములో ఇచటికి వచ్చి, తాను ఆ దేశములలో చూచిన పూడిపోయిన నగరముల గోడలను ఇవి పోలియున్నవని పలుకుటతో, ఆ కథలకు క్రొత్త బలము చేకూరెను.

పోలికను చూచి సంశయించుట వివేకమే. పోలికతోనే తీర్పు చెప్పుట మాత్రము తొందరపాటని నా అభిప్రాయము. మన ఓరుగల్లులో కాకతీయులు కట్టిన రాతిప్రాకారమును చూడుడు. సున్నము లేకయే ఒండొంటితో అతికిన గ్రానైట్ దిమ్మలు, లోపలివైపున మట్టికట్టపై సైనికులు ఎక్కుటకు మెట్లు, ముందుకు పొడుచుకొనివచ్చిన బురుజులు, శత్రువు నేరుగా చొచ్చుకొని రాకుండ వంపు తిరిగిన ద్వారమార్గములు — వానిలో ప్రతిదియు తన ప్రయోజనమును తానే చెప్పుచున్నది. రాక్‌వాల్ గోడలకు ద్వారము లేదు, బురుజు లేదు. అవి ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు సాగి, కొన్ని నడుమనే అంతరించి, ఏ ఆవరణమును ముగింపకయే పోవుచున్నవి. ఎవరిని కాపాడుటకు, ఎవరిని అడ్డుటకు కట్టిన గోడలివి?

ఈ ప్రశ్నకు భూగర్భశాస్త్రజ్ఞులు చాల ముందుగనే సమాధానము చెప్పిరి. 1909లో సిడ్నీ పేజ్ సైన్స్ పత్రికయందు ఇవి ఇసుకరాతి డైకులని వ్రాసెను. 1932లో కెల్సీ, డెంటన్ అను నిరువురు వీనిని వివరముగా పరిశీలించి ఆ నిర్ణయమునే బలపఱచిరి. డైకు అనగా నేలలోని నెఱ్ఱెలో చొరబడి గట్టిపడిన శిలాఫలకము. క్రెటేషియస్ యుగములో టెక్సాస్ యొక్క ఈ భాగమును సముద్రము కప్పియుండెను. ఆ సముద్రపుటడుగున పేరుకొనిన సున్నపుమట్టి పొరలు బీటలు వారగా, ఆ బీటలలో నిండిన ఇసుక కాలక్రమమున కాల్సైట్ చేత బంధింపబడి రాయి యయ్యెను. ఇసుక యిట్లు కదలి బీటలలో చొచ్చుట నమ్మరానిదేమియు కాదు: 2001 జనవరి 26న భుజ్ భూకంపము సంభవించినపుడు, కచ్ఛ్ రణ్‌లో నేల క్రిందినుండి నీటితో కలిసిన ఇసుక పైకి ఉబికి వచ్చి మేటలు వేసెను. ఇక ఆ వరుసలు తీరిన దిమ్మల మాట: నిలువుగా నిలిచిన పలుచని శిలాఫలకము ఒత్తిడులకు లోనైనపుడు అడ్డముగాను నిలువుగాను పగుళ్లు వారును, ఆ పగుళ్ల వెంట నీరు దిగి అంచులను తినివేయును, సందులలో మట్టి చేరును. తాపీపనివాని ప్రమేయము లేకయే తాపీపని వంటి రూపము సిద్ధించును.

ఇంత చెప్పినను నమ్మనివారు నమ్మరైరి. 2013లో ఒక టెలివిజన్ కార్యక్రమము కొఱకు డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్రజ్ఞుడు జాన్ గైస్‌మన్ చేసిన పరీక్ష నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయనగా, ఆ పరీక్ష ఉభయపక్షములలో దేనికైనను గెలుపునీయగలది. రాతిలోని సూక్ష్మమైన ఇనుపఖనిజపు రేణువులు తాము కుదురుకొనిన కాలమునాటి భూమి అయస్కాంతక్షేత్రపు దిశను లోపల భద్రపఱచుకొనును. మనుష్యులు దిమ్మలను వేఱొకచోట కొట్టి తెచ్చి పేర్చినచో, ఏ దిమ్మ ఎటు తిరిగినదో యెవరికెఱుక? కాబట్టి వాని అయస్కాంతదిశలు చెల్లాచెదరుగా నుండవలెను. గైస్‌మన్ గోడలోని దిమ్మలనుండి నమూనాలు తీసి కొలిచెను. దిశలన్నియు ఏకముగానే యుండెను. ఆ దిమ్మలను ఎవ్వరును ఎత్తలేదు, త్రిప్పలేదు. ఇసుక యెచట రాయియైనదో అచటనే అవి నిలిచియున్నవి.

ఈ తీర్పు విని నిరాశపడువారిని చూచి నేను జాలిపడుదును. నగరము పోయినదని వారి దుఃఖము. ఒక సముద్రపుటడుగు బీటలు వారి, ఇసుకతో పూడి, పిదప ఎండి పొలమై, ఆ పొలములో రైతు నూయి త్రవ్విన వృత్తాంతము ఆ నగరముకంటె తక్కువదియా?

తెలంగాణములోని రైతులకు డైకులు పరాయివి కావు. గ్రానైట్ నేలలను చీల్చుకొని మైళ్లకొలది సాగు నల్లని డోలరైట్ డైకులు పెక్కుచోట్ల బండరాళ్ల కట్టలవలె పైకి కనిపించును. అవి ఇసుకవలన గాక, రెండువందల కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి పైకి ఉబికిన శిలాద్రవమువలన ఏర్పడినవి. పగుళ్లులేని డైకు నేలలోని నీటికి అడ్డుకట్టయగును. దాని కెగువన నూయి త్రవ్వినవానికి నీరు దక్కవచ్చును, దిగువన త్రవ్వినవానికి దక్కకపోవచ్చును. పగుళ్లువారి శిథిలమైన డైకు వెంట నీరు ప్రవహించును గూడ. పైకి కనబడక మట్టిక్రింద దాగిన డైకుల జాడ తీయుటకు భూభౌతిక శాస్త్రజ్ఞులు అయస్కాంతమాపకములతో పొలముల వెంబడి నడచి కొలతలు తీయుదురు. గ్రానైట్‌కంటె డోలరైట్‌లో అయస్కాంతగుణము హెచ్చుగా నుండుటచే, డైకు దాటినపుడెల్ల ఆ కొలతలు మాఱును.