సున్నా వచ్చిన లెక్క

సాయంత్రం పొయ్యి మీద పప్పు ఉడుకుతూంటుంది. ఇంతలో పిల్ల నోటు పుస్తకం పట్టుకొచ్చి "అమ్మా, ఈ లెక్క రావడం లేదే" అంటుంది. "నాన్నగారు వచ్చాక అడుగు" అని తప్పించుకోవడం మనలో చాలామందికి అలవాటే కదండీ! నేనూ అంతే. ఒకరోజు మా అమ్మాయి 1/2కి 1/3 కలిపి 2/5 అని వ్రాసింది. పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేసిందన్నమాట. మాస్టారు సున్నా వేశారు. నేనేమో "మొద్దూ" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అది లెక్కల పుస్తకం నా కంటబడకుండా దాచేసింది. అప్పటిగ్గానీ నా తప్పు నాకు తెలిసిరాలేదు.

ఒక ఆదివారం కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగాను: "సగం ఎక్కువా, 2/5 ఎక్కువా?" ఐదులో సగమంటే రెండున్నర. రెండు అంతకన్నా తక్కువే. మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగంకన్నా తగ్గుతుందా? అది ఫక్కున నవ్వింది.

తర్వాత దిబ్బరొట్టె ముందు పెట్టుకున్నాం. సగాన్నీ, మూడోవంతునూ కలపాలంటే రెండూ ఒకే కొలత ముక్కలు కావాలి. రొట్టెను ఆరు సమాన భాగాలు చేస్తే సగమంటే మూడు ముక్కలు, మూడోవంతంటే రెండు. మొత్తం ఐదు ముక్కలు, అంటే 5/6. ఆ ఆరునే బళ్ళో క.సా.గు. అంటారు. భిన్నాల కూడికకు ఈ పద్ధతిని మహావీరాచార్యులు తొమ్మిదో శతాబ్దంలోనే 'గణితసార సంగ్రహం'లో చెప్పారు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. మన అమ్మమ్మలైతే వీసమంటే పదహారో వంతని నోటితోనే లెక్క కట్టేసేవారు. భయమల్లా మనకేనండీ!

ఇది వస్తే బీజగణితం కూడా సగం వచ్చినట్టే. డబ్బాలో పంచదార సగం పాయసానికీ, మూడోవంతు లడ్డూలకీ పోయి 200 గ్రాములు మిగిలిందనుకోండి. మొదట ఎంత ఉంది? తెలియనిదాన్ని 'ఎక్స్' అందాం. ఖర్చయింది అందులో 5/6 అని రొట్టె దగ్గరే చూశాం. మిగిలింది ఆరోవంతు. ఎక్స్/6 = 200 కాబట్టి ఎక్స్ = 1200 గ్రాములు. సరిచూడండి: 600, 400 పోతే మిగిలేది 200.

ఇక ఆ 2/5 సంగతి. అది వేరే ప్రశ్నకు సరైన జవాబు! ఒక పెట్టెలో రెండు గాజులున్నాయి, ఒకటి ఎరుపు. ఇంకో పెట్టెలో మూడు, వాటిలోనూ ఒకటే ఎరుపు. అన్నీ ఒక సంచిలో పోసి, చూడకుండా ఒకటి తీస్తే ఎరుపు వచ్చే సంభావ్యత ఎంత? ఐదింటిలో రెండు, అంటే 2/5. ఇక్కడ రెండు పెట్టెలు ఒకటిగా కలిపాం. రొట్టె మాత్రం మొదటినుంచీ ఒక్కటే. తేడా అంతా అక్కడే ఉంది.

"అయితే నేను మొద్దును కాదన్నమాట!" అంది మా అమ్మాయి. నాకు నోట మాట రాలేదు.

సంచీ తెచ్చి, తీసిన గాజు మళ్ళీ అందులోనే వేస్తూ ఇరవైసార్లు తీసి చూశాం. ఎనిమిదిసార్లు ఎరుపు రావాలని దాని పట్టు. ఆరుసార్లే వచ్చింది. సంభావ్యత అంటే ఇన్నిసార్లు వచ్చి తీరుతుందని ఖాయంగా చెప్పడం కాదనీ, తీసినకొద్దీ ఎరుపు వంతు 2/5కి దగ్గరవుతుందనీ చెప్పాను. "అయితే వందసార్లు తీస్తాను" అని సంచీ పట్టుకుని కూర్చుంది. నా గాజులు రాత్రి భోజనాలదాకా నా చేతికి రాలేదు.