మీకు తెలుసా? బందరు సముద్రానికి అవతల నిప్పుకొండ!

మచిలీపట్నానికి ఆగ్నేయంగా సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో, అండమాన్‌లో బారెన్ దీవి ఉంది. మనుషులుండరు. దేశంలో ఇంకా నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే.

అది పేలినట్టు రాతల్లో దొరికే తొలి సంవత్సరం 1787. 1789లో ఆర్కిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి దాని మంటలు చూశాడు. తర్వాత కొన్నాళ్లకు చల్లారి, ఒకటిన్నర శతాబ్దం పైగా పడుకుని, 1991లో లేచింది.

మరి రాతలకు ముందు సంగతో? దీవి మీద వెతికితే లాభం తక్కువ. కొత్త లావా పాతదాన్ని కప్పేస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు దగ్గర్లోని సముద్రగర్భంలో గొట్టం దించి బురద తీశారు. అందులో బూడిద పొరలు! ఆ పొరల పైనా కిందా ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలుంటాయి. వాటిలో మిగిలిన రేడియోకార్బన్‌ను కొలిచి వయసు కట్టారు. ఈ లెక్క దాదాపు 50,000 ఏళ్ల దాకానే పనిచేస్తుంది. అంతకంటే పాత పొరలకు బురద పేరుకునే వేగమే ఆధారం.



నిప్పుకొండ బూడిదను కళ్లారా చూడాలంటే అండమాన్ దాకా పోనక్కర్లేదు. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట కక్కిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉంది.