రెండు తపాలా సంఖ్యలు

సికింద్రాబాదు ప్రధాన తపాలా కార్యాలయపు ఉత్తరములపై 500003 అని వ్రాయుదురు. అదే నగరమందలి మనోవికాస నగరమునకు పంపు ఉత్తరములపై 500009 అని వ్రాయుదురు. ఈ ఆరంకెల పిన్ కోడు పద్ధతి మన దేశమున 1972 ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చినది. తపాలా ఉద్యోగికి ఈ రెండును చిరునామాలు మాత్రమే. గణితము తెలిసినవానికి ఇవి భిన్న స్వభావములు గల సంఖ్యలు.

చూచుటకు రెండును కవలలవలె నుండును. రెండును బేసి సంఖ్యలే. అంకెలను కూడినచో ఒకదానికి 8, రెండవదానికి 14 వచ్చును; కావున 3 వీనిని నిశ్శేషముగా భాగింపదు. చివర 0 గాని 5 గాని లేదు. కావున 5 కూడ భాగింపదు. ఇక 7 సంగతి యేమి?

భాగహారము చేయకయే దీనిని తేల్చవచ్చును. 142857ను 7 చేత గుణించిన 999999 వచ్చును. 500003ను రెట్టింపు చేసిన 1000006 అగును. ఇది 999999 కంటె సరిగా 7 ఎక్కువ; కావున దీనిని 7 నిశ్శేషముగా భాగించును. 2కును 7కును ఉమ్మడి కారణాంకము లేదు గనుక, రెట్టింపునకు ముందున్న 500003ను కూడ 7 భాగింపవలెను. భాగఫలము 71429. ఈ ఒక్క కారణాంకము దొరకినంతనే 500003 ప్రధాన సంఖ్య కాదని తేలిపోయినది.

7తో ఇట్టి వినోదములు మనకు క్రొత్త కావు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున 142857143ను 7 చేత గుణించు లెక్క కలదు. లబ్ధము 1000000001; ఎటు చదివినను ఒక్కటే. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన.

500009 అంత సులభముగా లొంగదు. 7 చేత భాగించిన 6 మిగులును. 11 చేత 4, 13 చేత 3 మిగులును. ఎంతవరకు ప్రయత్నింపవలెను? 708ని 708 చేత గుణించిన 501264 వచ్చును. రెండు కారణాంకములును 707ను మించినచో వాని లబ్ధము ఇంతకు తగ్గదు. కావున 500009కి కారణాంకములున్నచో వానిలో ఒకటియైనను 707 లోపల నుండితీరవలెను. ఆ లోపలి ప్రధాన సంఖ్యలు 126. వానిలో ఏదియు దీనిని నిశ్శేషముగా భాగింపదు. కనుక 500009 ప్రధాన సంఖ్య. 5 లక్షలు దాటిన పిమ్మట వచ్చు మొట్టమొదటి ప్రధాన సంఖ్య యిదియే.

7ను 71429 చేత గుణించుట క్షణములో పని. 500003ను మాత్రమే చూచి ఆ రెండింటిని కనుగొనుట అంతకంటె కష్టము. అంకెలు వందలకొలది యైనచో ఈ కష్టము నేటి కంప్యూటర్లకును మించిపోవును. దీనినే ఆధారము చేసికొని రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అను మువ్వురు 1977లో రహస్య సందేశములను కాపాడు పద్ధతిని కనుగొనిరి. ఉత్తరమును ఇల్లు చేర్చుటకే కాక, అందలి మాటను పరుల కంటబడకుండ దాచుటకును సంఖ్యలు తోడ్పడుచున్నవి.

ప్రతి విద్యార్థియు తన యూరి పిన్ కోడును ఇట్లు పరీక్షింపవచ్చును. కాగితము, కలము, ఓర్పు ఉన్న చాలును.