పైపు పగల్లేదు.. మరి నీళ్లెలా లీకవుతున్నాయ్? అసలు కథంతా ఆ రబ్బరు రింగ్‌లోనే!

ఖాజాగూడ అనగానే గుర్తొచ్చేవి రెండే. ఒకటి గుట్టల మీద పెద్ద పెద్ద రాళ్లు, రెండోది వాటి పక్కనే లేస్తున్న టవర్లు. ఆ రాతి నేల కిందే తాగునీటి పైపులు, డ్రైనేజీ లైన్లు వెళ్తుంటాయి. ఆరు మీటర్ల పైపులతో ఒక్క కిలోమీటర్ లైన్ వేయాలంటే దాదాపు 167 పైపులు కావాలి. అంటే జాయింట్లు కూడా దాదాపు అన్నే. ప్రతి జాయింట్‌లోనూ నీటిని ఆపుతున్నది ఒక్క రబ్బరు రింగ్. రోడ్డు మీద నీళ్లు ఊరుతుంటే 'పైపు పగిలింది' అనేస్తాం కానీ.. ప్రతిసారీ పైపే పగలదు. ఒక్కోసారి చేతులెత్తేసేది ఈ రింగే.

వాషర్ లాంటిదేగా, ఇందులో ఏముంది అనుకుంటే పొరపాటే. నీటి లైన్లు, గ్యాస్ లైన్లు, డ్రైనేజీలో వాడే రబ్బరు రింగుల కోసం మన దేశంలో ఐఎస్ 5382 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది.

ఒకప్పుడు పోత ఇనుము పైపుల జాయింట్లలో జనపనార కుక్కి, దానిపై కరిగించిన సీసం పోసేవారు. అది గట్టిగానే పట్టేది కానీ నేల కాస్త కదిలితే వంగేది కాదు. 1950ల్లో అమెరికాలో పుష్-ఆన్ జాయింట్ వచ్చాక పని తేలికైంది. ఒక పైపు వెడల్పాటి మూతిలో గాడి ఉంటుంది. అందులో రింగ్ కూర్చోబెట్టి రెండో పైపు కొనను లోపలికి తోస్తారు. అంతే! మన శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో తయారయ్యే డీఐ పైపులు కూడా ఈ తరహావే. ఈ రింగ్‌లో రెండు రకాల రబ్బరు ఉంటుంది. గాడిని పట్టుకునే మడమ భాగం గట్టిగా, నీటిని ఆపే ఉబ్బెత్తు భాగం మెత్తగా ఉంటాయి. మడమ మెత్తగా ఉంటే పైపు తోసేటప్పుడు రింగ్ గాడిలోంచి ఊడొస్తుంది. ఉబ్బెత్తు భాగం గట్టిగా ఉంటే పైపుకి సరిగ్గా అతుక్కోదు.

లావు రింగ్ వేస్తే లీక్ ఆగుతుందా?

ఆగదు. స్పాంజ్‌ని నొక్కితే చిన్నదవుతుంది. రబ్బరు అలా కాదు. పూరీ పిండి ముద్దను అరచేత్తో నొక్కినట్టే, ఒకవైపు అణిగితే ఇంకోవైపు ఉబ్బుతుంది. సైజు తగ్గదు, ఆకారం మారుతుంది. అందుకే ఆ ఉబ్బిన రబ్బరు వెళ్లడానికి డిజైనర్ గాడిలో కొంత ఖాళీ వదలాలి. ఖాళీ లేకుండా లావు రింగ్ కుక్కితే పైపు లోపలికి దిగదు. బలవంతంగా దించితే రింగ్ చిరుగుతుంది.

మరి ఎంత నొక్కాలి? ఒక చిన్న లెక్క చూద్దాం. రింగ్ మందం 10.5 మిల్లీమీటర్లు, అది కూర్చునే సందు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే రింగ్ సుమారు 24 శాతం అణిగింది. కానీ ఫ్యాక్టరీలో ఏ పైపూ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతతో రాదు. సందు 7 ఉంటే 33 శాతం, 9 ఉంటే 14 శాతమే అణుగుతుంది. ఈ రెండు చివర్లలోనూ రింగ్ పనిచేయాలి. అసలు చిక్కు ఇక్కడే.

ఏళ్ల తరబడి అణిగి ఉన్న రబ్బరు మళ్లీ పాత మందానికి రాదు. దీన్నే కంప్రెషన్ సెట్ అంటారు. సందు 9 ఉన్న చోట రింగ్ అణిగింది 1.5 మిల్లీమీటర్లు. అందులో 40 శాతం తిరిగి రాదనుకుంటే, రింగ్ మందం ఇక 9.9 దగ్గరే ఆగిపోతుంది. లారీల బరువుకో, పక్కన సెల్లార్ తవ్వడం వల్లో నేల కదిలి సందు 10 అయిందనుకోండి. కొత్త రింగ్ అయితే ఆపేది. పాతది ఆపలేదు. తేడా 0.1 మిల్లీమీటరే!

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలిపోవడం వెనకా ఇలాంటి కారణమే ఉంది. చలికి బిగుసుకుపోయిన రబ్బరు రింగ్ సమయానికి తిరిగి విచ్చుకోలేదు. ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు.

నల్లా రాని రోజే అసలు పరీక్ష

ఇది చాలామందికి తెలియని విషయం. లైన్‌లో నీళ్లున్నప్పుడు రింగ్‌కు నీటి ప్రెజరే సాయం చేస్తుంది. లోపలి నుంచి నీరు తోసేకొద్దీ రబ్బరు పైపుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. కానీ హైదరాబాద్‌లో చాలా చోట్ల నీళ్లొచ్చేది రోజు విడిచి రోజు. సరఫరా ఆగి లైన్ ఖాళీ అవుతుంటే లోపల ప్రెజర్ పడిపోతుంది. కొన్నిసార్లు బయటివైపు నుంచి లోపలికి పీల్చుకునే పరిస్థితి వస్తుంది. అప్పుడు రింగ్‌కు నీటి సాయం ఉండదు, దాని సొంత బిగువే దిక్కు. ఆ బిగువు పోయి, పక్కనే డ్రైనేజీ లీకవుతుంటే.. ఆ మురుగు నేరుగా తాగునీటిలోకే!

2009 మేలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయారు. అక్కడ తప్పు రింగుదని కాదు. మురుగు తాగునీటి లైన్‌లోకి చేరితే ఏమవుతుందో ఆ ఘటన చూపించింది. 24 గంటలూ నీళ్లిచ్చే నగరం కంటే, ఆపి ఆపి ఇచ్చే నగరానికే మంచి రింగులు ఎక్కువ అవసరం. టెండర్లలో పైపు క్వాలిటీ మీద పెట్టే దృష్టిలో సగమైనా రింగ్ మీద పెట్టాల్సిందే.

ఖాజాగూడ లాంటి రాతి నేలలో ఇంకో జాగ్రత్త ఉంది. కందకం అడుగున పొడుచుకొచ్చిన రాయి మీద పైపు ఆనితే అక్కడే ఇరుసులా తిరుగుతుంది. ఆరు మీటర్ల పైపు ఒక్క డిగ్రీ వంగితే రెండో చివర దాదాపు 10 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. పుష్-ఆన్ జాయింట్ కొన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుంది కానీ, రింగ్ ఒకవైపు ఎక్కువ నలిగి ఇంకోవైపు వదులవుతుంది. అందుకే పైపు కింద ఇసుక పరుపు వేయాలంటారు.

అపార్ట్‌మెంట్లలోనూ ఇదే కథ. షాఫ్ట్‌లో కనిపించే డ్రైనేజీ పైపుల్లో 'రింగ్‌ఫిట్' రకానికి రబ్బరు రింగే ఆధారం. మూడు మీటర్ల పీవీసీ పైపు, వేడి 30 డిగ్రీలు పెరిగితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పైపును పూర్తిగా తోసి, మళ్లీ సుమారు 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగాలి. పైపు తేలిగ్గా దిగాలని కొందరు గ్రీజో, ఇంజిన్ ఆయిలో రాస్తుంటారు. అది పెద్ద తప్పు. నీటి లైన్లలో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్లు లేదా పైపు కంపెనీ ఇచ్చే లూబ్రికెంట్ చాలు. రింగులను ఎండలో పడేసి ఉంచినా రబ్బరు త్వరగా చెడుతుంది.

నల్లా నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా ముందు తాగడం ఆపేయాలి. వెంటనే జలమండలి కస్టమర్ కేర్ నంబర్ 155313కు కాల్ చేయాలి. మొదట వచ్చే నీళ్లలోనే తేడా ఉందా, చివరి వరకూ ఉందా అన్నది కూడా చెబితే లీక్ వెతకడానికి సిబ్బందికి పనికొస్తుంది.