అమెరికాలో బడి ఎంపిక: ముందు చూడాల్సింది చిరునామా

అమెరికా ప్రభుత్వ బడుల్లో 12వ తరగతి వరకు చదువు ఉచితం. చాలాచోట్ల ఏ బడిలో చేర్చుకుంటారన్నది ఇంటి చిరునామాను బట్టే ఉంటుంది. ఒకే వీధిలో అటూ ఇటూ ఉన్న ఇళ్లు వేర్వేరు బడుల పరిధిలోకి రావచ్చు. అందుకే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆ వివరం చూసుకోవాలి.

చేర్పించేటప్పుడు సాధారణంగా నివాస రుజువు, పుట్టినతేదీ పత్రం, టీకాల రికార్డు అడుగుతారు. ఏ టీకాలు తప్పనిసరో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగని రాస్తే ఇంగ్లిష్ సామర్థ్యాన్ని పరీక్షిస్తారు. అవసరమైతే అదనపు బోధన ఉచితంగా ఇస్తారు. వలస హోదా సాకుతో పిల్లలకు ప్రవేశం నిరాకరించరాదని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రేటింగ్ వెబ్‌సైట్ల అంకెలకు ప్రధాన ఆధారం పరీక్షల ఫలితాలే. వాటినే నమ్ముకోకుండా, బడికి వెళ్లి చూసి నిర్ణయించుకోవడం మేలు.