నెట్ పోయినా... పని ఆగకూడదంటే!

సాయంత్రం ఆరున్నర. కోనసీమలో ఓ ఊరు. మేడమీద గదిలో అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అమెరికాలో అప్పుడే తెల్లారింది. వారం రోజులు కష్టపడి చేసిన పనిని క్లయింటుకు వివరించాల్సిన సమావేశం అది. మూడో స్లైడు దాకా వచ్చేసరికి తెరమీద మొహాలన్నీ బొమ్మల్లా బిగుసుకుపోయాయి.

“నాన్నా, నెట్ పోయింది. కేబుల్ ఆయనకి ఓసారి ఫోన్ చేయవా?”

“చేశానమ్మా. గడ్డి లారీ తగిలి మెయిన్‌రోడ్డు మీద వైరు తెగిందట. పొద్దున్నే వచ్చి కలుపుతానంటున్నాడు.”

పొద్దున్నే! ఈలోగా అమెరికాలో ఆఫీసు మూసేసి ఇళ్లకు కూడా వెళ్లిపోతారు.

ఇలాంటి సాయంత్రాలు ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పెట్టె సర్దుకుని సొంతూరు చేరినవాళ్లలో అందరూ తిరిగి వెళ్లలేదు. వారానికి రెండు మూడు రోజులు ఇంటి నుంచే పనిచేసేవాళ్లు కొందరు. పిల్లలు పుట్టాక మానేసిన ఉద్యోగాన్ని ఇంట్లోనే మళ్లీ మొదలుపెట్టిన తల్లులు కొందరు. ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఖాతాలు రాసేవాళ్లు, బొమ్మలు గీసిచ్చేవాళ్లు... వీళ్లందరి ఆఫీసూ ఓ సన్నటి తీగ చివర ఉంది. అది తెగితే ఏం చేయాలన్నది మాత్రం తెగినరోజే గుర్తొస్తుంది.

రెండు కనెక్షన్లు... ఒకటే స్తంభం

హైదరాబాద్‌లో ఒక కంపెనీ నెట్ బాగాలేకపోతే ఇంకోటి పెట్టించుకోవచ్చు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అంత వెసులుబాటు లేదు. ఊరి కేబుల్ ఆపరేటర్ ఇచ్చేదో, బీఎస్ఎన్ఎల్ ఫైబరో, ఆంధ్రాలో అయితే 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్టో... చాలాచోట్ల వీటిలో ఒకటే దిక్కు.

రెండు ఉన్నా ధీమా పనికిరాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత విద్యుత్తు సిబ్బంది స్తంభాలకు వేలాడే కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. నగరంలో చాలాచోట్ల ఇళ్లలో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్లో రెండు కంపెనీల కనెక్షన్లు ఉన్న ఇంట్లోనూ, ఆ రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే రెండూ ఒకేసారి పోయే పరిస్థితి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కావాల్సింది రెండో కనెక్షన్ కాదు, రెండో దారి. మొదటిది స్తంభం మీద నుంచి వస్తుంటే రెండోది గాల్లోంచి రావాలి. మొదటిది ఇంటి కరెంటు మీద నడుస్తుంటే రెండోది బ్యాటరీ మీద నడవాలి. ఒకదాన్ని దెబ్బతీసే కారణం రెండోదాని జోలికి వెళ్లకూడదు. పైకానికి ముందు ఈ లెక్క చూసుకోవాలి.

నెట్ పోయిందా... కరెంటు పోయిందా?

‘మా ఊళ్లో నెట్ అస్తమానం పోతుంది’ అనేవాళ్ల ఇంట్లో చాలాసార్లు పోయేది నెట్ కాదు, కరెంటు. ఇన్వర్టర్ ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. రౌటర్ పెట్టిన ప్లగ్గుకి మాత్రం ఇన్వర్టర్ లైను ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క ప్లగ్గునీ ఇన్వర్టర్‌కి కలిపిస్తే సగం బాధ తీరుతుంది.

మిగతా సగం కూడా ఉంది. మామూలు కరెంటు నుంచి ఇన్వర్టర్‌కి మారే రెప్పపాటులో కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. తిరిగి నెట్ రావడానికి రెండు నిమిషాలు పట్టొచ్చు. ఇంటర్వ్యూ మధ్యలో రెండు నిమిషాలంటే తక్కువేం కాదు. దీనికి మందు మినీ యూపీఎస్. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. రౌటర్ కరెంటు వాడకం సుమారు పది వాట్లే కాబట్టి ముప్ఫై వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యూపీఎస్ రెండు మూడు గంటలు లాగించేస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న అంకెలు చూసుకోవాలి. పన్నెండు వోల్టులు, ఒక ఆంపియరా, రెండా... అదే రకం యూపీఎస్ తీసుకోవాలి. ఫైబర్ బాక్సు, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ సరిపోయేది కావాలి.

కేబుల్ ఆయన్ని అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. “మా వీధిలో మీ పెట్టెకు కరెంటు కావాలా?” ఫైబర్ తీగలో ప్రయాణించేది వెలుగు. ఇంటిదాకా నేరుగా ఫైబర్ వస్తే దారి మధ్యలో కరెంటుతో పనిలేదు. ఆపరేటర్ గదిలోనూ, మీ ఇంట్లోనూ ఉంటే చాలు. అలాకాక వీధిలో స్విచ్ పెట్టి అక్కణ్నుంచి మామూలు తీగ లాగితే, వీధిలో కరెంటు పోగానే మీ ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లు ఉన్నా లాభం లేదు.

ఇంకో చిన్న గుర్తు. ఫైబర్ బాక్సు మీద ‘ఎల్ఓఎస్’ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే తీగ తెగినట్లో, ఎక్కడో ఊడినట్లో. రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా రాదు. ఆ పది నిమిషాలూ వృథా చేసుకోకుండా వెంటనే రెండో దారికి మారిపోవాలి.

జేబులోనే రెండో దారి

ఆ దారి దాదాపు అందరి దగ్గరా ఉంది... ఫోను! అయితే ‘మొబైల్ డేటా ఉందిగా’ అనుకుని వదిలేస్తే అవసరానికి చేయివ్వొచ్చు. ఎందుకంటే ఇంట్లో అందరివీ ఒకే కంపెనీ సిమ్ములైతే ఆ టవర్ ఆగిన పూట నలుగురి ఫోన్లూ ఒక్కసారే మూగబోతాయి. కాబట్టి రెండో సిమ్ము వేరే కంపెనీది ఉండాలి. అదీ పేరు చూసి కాదు, సిగ్నల్ చూసి. రెండు కంపెనీలు ఒకే టవర్‌ని పంచుకోవడం మామూలే. చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో కేంద్ర టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో చూడొచ్చు. కంపెనీలు కూడా ఎక్కడెక్కడ తమ సిగ్నల్ ఉందో 2025 నుంచి వెబ్‌సైట్లలో మ్యాపులు పెడుతున్నాయి.

మ్యాపు ఊరి సంగతి చెబుతుంది. మీ గది సంగతి మీరే తేల్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి సిమ్ వివరాలు చూస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే మంచిదే. మైనస్ 110 దాటిందంటే వీడియో సమావేశానికి కష్టం. హాల్లో, పెరట్లో, డాబా మీద... ఫోన్ పట్టుకుని ఓసారి తిరిగి చూస్తే ఇంట్లో ఏ మూల కూర్చోవాలో తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇచ్చేకన్నా ఛార్జింగ్ తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవడం మేలు. ఆటంకాలు తక్కువ. ఫోన్ బ్యాటరీ కూడా అంత త్వరగా దిగిపోదు.

రెండు జీబీలు ఎంతసేపు?

వీడియో సమావేశానికి గంటకు అర జీబీ నుంచి ఒకటిన్నర జీబీ దాకా ఖర్చవుతుంది. చాలామంది రీఛార్జి చేయించేది రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్లాన్లే. పొద్దున పిల్లలు ఓ సినిమా చూసేస్తే సాయంత్రం సమావేశానికి మిగిలేది 64 కేబీపీఎస్ వేగం. దాంతో మెసేజీ వెళ్లడమే గొప్ప. 5జీ సిగ్నల్, దానికి తగ్గ ప్లాన్ రెండూ ఉంటే ఈ ఇబ్బంది తక్కువ.

అందుకే రెండో దారిలోకి మారగానే పొదుపు పాటించాలి. కెమెరా ఆపేసి మాట మాత్రమే ఉంచితే ఖర్చు పదోవంతుకు దిగుతుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’గా మార్చితే అప్‌డేట్లు, ఫైళ్ల సింక్ చాలావరకు ఆగుతాయి. లేకపోతే సందు దొరికిందని కంప్యూటరే మీ రెండు జీబీలూ తాగేస్తుంది.

డాబా మీదికి... ఆకాశంలోకి

గదిలో సిగ్నల్ లేక డాబా మీద బాగా వస్తుంటే సిమ్ము వేసుకునే రౌటర్ ఉపయోగపడుతుంది. బయట యాంటెన్నా పెట్టుకునే వీలున్నవీ ఉన్నాయి. వీటిలో కొన్నింటికి ఫైబర్ తీగనూ కలపొచ్చు. తీగ తెగగానే మీరు లేచి వెళ్లకుండానే సిమ్ముకి మారిపోతాయి. రోజంతా ఫోన్లలో మాట్లాడే ఉద్యోగాలవాళ్లకు ఇది పెట్టదగ్గ ఖర్చే.

తీగ అసలే రాని చోట్లకి ఎయిర్‌ఫైబర్ ఉంది. డాబా మీద పెట్టిన పెట్టె 5జీ సిగ్నల్ అందుకుని ఇంట్లో వైఫైగా ఇస్తుంది. జియో దీన్ని 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. ఎయిర్‌టెల్‌కీ ఇలాంటిదే ఉంది. అయితే ఇదే మీ మొదటి దారి అయితే, అదే కంపెనీ సిమ్ము రెండో దారి కాదు. రెండూ వచ్చేది ఒకే టవర్ నుంచి!

ఇక ఉపగ్రహాలు. పాతకాలపు ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకనుకు పైగా పడుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు తిరిగేది అంతకన్నా చాలా తక్కువ ఎత్తులోనే కాబట్టి ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది. ఆ సంస్థకు మనదేశంలో లైసెన్సు 2025లో వచ్చింది. మీ ప్రాంతంలో సేవ ఉందా, ధరెంత అన్నది చూసుకున్నాకే ఆలోచించాలి. పైగా డిష్‌కి తెరిచిన ఆకాశం కావాలి. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఇంట్లో అదీ ఓ పరీక్షే. కరెంటు వాడకం కూడా రౌటర్ కంటే చాలా ఎక్కువ కాబట్టి దీన్ని మినీ యూపీఎస్ మోయలేదు.

తుపాను రోజున...

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలాయి. రోజుల తరబడి ఫోన్లు మూగబోయాయి. అంతటి విపత్తులో ఇంట్లో ఎన్ని ఏర్పాట్లున్నా చాలవు. అప్పుడు రెండో దారి అంటే రెండో చోటు. పక్క పట్టణంలో బంధువుల ఇల్లో, స్నేహితుడి ఆఫీసో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. తుపాను హెచ్చరిక రాగానే ఫోన్లు, పవర్‌బ్యాంకులు ఛార్జి చేసుకోవాలి. కావాల్సిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, ‘రేపు అందుబాటులో ఉండకపోవచ్చు’ అని పైవాళ్లకు ఆరోజే చెప్పాలి. ముందు చెబితే సమాచారం, తర్వాత చెబితే సాకు!

అన్నీ కొన్నాక మర్చిపోయేది ఒకటుంది... పరీక్ష. నెలకో ఆదివారం రౌటర్ స్విచ్ కట్టేసి చూడండి. రెండో సిమ్ములో రీఛార్జి ఉందా? యూపీఎస్ ఎంతసేపు ఆగింది? ఆఫీసు వీపీఎన్ ఫోన్ డేటా మీద పనిచేస్తోందా? అరగంటలో తేలిపోతుంది.

ఊళ్లో కూర్చుని పనిచేసుకోగలగడం చాలామందికి సౌకర్యం మాత్రమే కాదు. నాన్నకు వేళకు మందులివ్వడం, బిడ్డ బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉండటం, నగరంలో అద్దె కట్టకుండా జీతంలో నాలుగు డబ్బులు మిగలడం... ఇవన్నీ ఆ తీగ మీదే ఆధారపడ్డాయి. ఒకటికి రెండుసార్లు సమావేశం మధ్యలో మాయమైతే ‘ఆఫీసుకే వచ్చేయండి’ అన్న మాట రావడానికి ఎంతోసేపు పట్టదు.

కోనసీమ అమ్మాయి దగ్గర వేరే కంపెనీ సిమ్ము ఒకటి, దాన్నిండా డేటా ఉండి ఉంటే? తెరమీద మొహాలు బిగుసుకుపోయిన రెండో నిమిషంలోనే కెమెరా లేకుండా ఆమె గొంతు మళ్లీ వినిపించేది. లారీ తగిలిన వైరు సంగతి మర్నాడు పొద్దున కేబుల్ ఆయన చూసుకునేవాడు!