స్టైపెండ్ సున్నా, బస్సు ఫ్రీ.. మా చెల్లి లా ఇంటర్న్‌షిప్ కథ

"స్టైపెండ్ ఎంత?"

మా చెల్లికి ఇంటర్న్‌షిప్ దొరికిందని తెలియగానే నేనడిగిన మొదటి ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఇంటర్న్‌షిప్ అంటే నా బుర్రలో వచ్చేవి మూడే: స్టైపెండ్, ల్యాప్‌టాప్, చివర్లో ఉద్యోగం ఆఫర్. ఫైనల్ ఇయర్‌లో నాకు మూడూ వచ్చాయి. ఏసీ క్యాబిన్‌లో కూర్చుని ఆరు నెలలు బటన్ల రంగులు మార్చాను. దానికి డబ్బులు కూడా ఇచ్చారు.

చెల్లి నవ్వింది. "స్టైపెండా? టీ తాగిస్తే గొప్ప."

మాది అత్వెల్లి. మేడ్చల్ దాటగానే నేషనల్ హైవే 44 పక్కన. ఇక్కడి నుంచి బండి మీద అరగంట పోతే శామీర్‌పేట. అక్కడ దేశంలోనే పేరున్న లా యూనివర్సిటీ నల్సార్ ఉంది. 1998లో మొదలైంది. దాని అడ్రస్సే జస్టిస్ సిటీ. శామీర్‌పేట చెరువుకి పోయినప్పుడల్లా ఆ బోర్డు చూస్తూనే పెరిగాం. కానీ ఆ గేటు లోపలికి వెళ్లాలంటే క్లాట్ అనే పరీక్ష ఉంటుందని, దానికి ఇంటర్ నుంచే ప్రిపేర్ అవ్వాలని మా వీధిలో ఎవరికీ తెలియదు. మా ఇళ్లల్లో ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ. అక్కడితో కథ కంచికి.

చెల్లి డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి, సిటీలో ఒక కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరింది. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కిన మొదటి మనిషి తనే. కేసు లేకుండా ఎక్కింది కాబట్టి నాన్నకు కాస్త సంతోషం.

లా స్టూడెంట్లకు ఇంటర్న్‌షిప్ ఇష్టముంటే చేసేది కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం తప్పనిసరి. మూడేళ్ల కోర్సుకి కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకి 20 వారాలు. ఒక ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకు మించి చేయకూడదు. మొత్తం చదువులో కనీసం ఒక్కసారైనా ట్రయల్ కోర్టులో, పై కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్ల దగ్గర పని చూడాలి. ఇంటర్న్‌షిప్ డైరీ రాయాలి, దానికి మార్కులుంటాయి.

రూల్ బాగానే ఉంది. చోటు ఎవరిస్తారు?

ఇక్కడే మా లాంటి ఇళ్ల పిల్లలకు చుక్కలు కనబడతాయి. పెద్ద లా ఫర్మ్‌కి మెయిల్ పెడితే రిప్లై రాదు. లాయర్ ఆఫీసుకి నేరుగా పోతే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకు?" అని. తాతో బాబాయో లాయరైతే ఆ ప్రశ్నకు జవాబుంటుంది. మా నాన్న హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాడు. చెల్లి ఆ వేసవిలో పదకొండు ఆఫీసులు తిరిగింది. పన్నెండో చోట ఒకాయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "రోజూ రావాల్సిన పని లేదమ్మా. రెండు వేలు ఇవ్వు, నాలుగు వారాల సర్టిఫికెట్ ఇచ్చేస్తా. అందరూ చేసేదే" అన్నాడట.

ఆ రోజు రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ. నిజం చెప్తున్నా, తీసేసుకోమన్నది నేనే. రెండు వేలు నేనే ఫోన్‌పే చేస్తానన్నాను. ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయింది, ఎందుకీ తిప్పలు అనిపించింది. చెల్లి ఒకటే మాట అంది: "అన్నా, రేపు బెయిల్ పిటిషన్ ఎట్లుంటదో తెలియకుండ లాయర్నైతే, నా దగ్గరికొచ్చినోడి సంగతేంది?"

నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

చివరికి దారి చూపించింది కాలేజీలో ఒక మేడం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టమన్నారు. కాలేజీ లెటర్, బోనఫైడ్, ఐడీ కార్డు కాపీ పట్టుకుని చెల్లి నేరుగా వెళ్లింది. రెండుసార్లు రేపు రమ్మన్నారు. మూడోసారి చోటిచ్చారు. ఏ జిల్లానో చెప్పను, ఎందుకో కిందికెళ్తే మీకే అర్థమవుతుంది.

ఈ సంస్థ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. 1987లో చేసిన చట్టం, 1995 నవంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు.. వీళ్లకి ప్రభుత్వం ఖర్చుతోనే లాయర్ని ఇవ్వాలి. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతన్న లెక్క కూడా లేదు. ఫోన్ నంబర్ 15100. సేవ్ చేసుకోండి, ఎప్పుడు ఎవరికి అవసరపడుతుందో తెలియదు.

మొదటి వారమంతా చెల్లి చేసింది ఫైళ్లు సర్దడం, రిజిస్టర్ రాయడం. రోజూ 229 ఎక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి వెళ్లేది. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ కాకపోతే ఈ ఇంటర్న్‌షిప్ జరిగేదే కాదు, నెలకి రెండు వేలపైనే టికెట్లకు పోయేవి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు రెండు జతలు నేను కొనిచ్చాను. అదొక్కటే నా వాటా.

రెండో వారంలో ఒకావిడ వచ్చింది. ఇళ్లల్లో పని చేసుకునే మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతల కాగితం. "బెయిల్ అచ్చిందన్నరు బిడ్డా. పోరడు మాత్రం ఇంటికి రాలే" అంది.

కొడుకు బండి దొంగతనం కేసులో జైల్లో ఉన్నాడు. బెయిల్ వచ్చి 23 రోజులైంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇద్దరు షూరిటీలు, ఒక్కొక్కరికి పాతిక వేలు అని రాసుంది. ఎవరో చదివి యాభై వేలు నగదు కట్టాలని చెప్పారట. ఆవిడ నూటికి ఐదు రూపాయల మిత్తికి అప్పు మాట్లాడుకుని, మర్నాడు నోటు రాయడానికి సిద్ధంగా ఉంది.

చెల్లి కాగితం మూడుసార్లు చదివిందట, తప్పు చెప్తానేమోనన్న భయంతో. తర్వాత మెల్లగా చెప్పింది: "అమ్మా, ఇది కట్టే పైసలు కాదు. మీ కొడుకు కోర్టుకి వస్తడని ఇద్దరు పూచీ పడాలె. వాడు రాకుంటేనే ఆ పైసలు అడుగుతరు." ఆవిడకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే కింద కూర్చుండిపోయిందట.

అయినా సమస్య తీరలేదు. షూరిటీ ఇచ్చేవాళ్లు ఇంటి పన్ను రసీదో, జీతం కాగితమో చూపించాలి. అట్లాంటి చుట్టం ఆవిడకి ఒక్కడే, సొంత తమ్ముడు. రెండో మనిషి లేడు.

చెల్లి లోపలికెళ్లి ప్యానెల్ లాయర్‌కి చెప్పింది. అప్పుడు ఆయన చెప్పిన విషయం విని నేనైతే ఆశ్చర్యపోయాను. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలున్నాయి. బెయిల్ వచ్చిన వారంలోపు మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలి. నెలలోపు షూరిటీ పెట్టలేకపోతే షరతులు సడలించాలేమో కోర్టు తనంతట తానే చూడొచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక స్కీమ్ కూడా పెట్టింది. దాని కింద విచారణ ఖైదీకి బెయిల్ కోసం డబ్బు సాయం చేయొచ్చు.

మరి ఈ కుర్రాడి కబురు 23 రోజులు ఎందుకు రాలేదు? మా భాషలో చెప్పాలంటే టికెట్ ఓపెన్ అయింది, ఎవరికీ అసైన్ కాలేదు. సిస్టమ్‌లో రూల్ ఉంది, అలర్ట్ మోగలేదు. వాళ్లమ్మ కవరు పట్టుకుని నడిచొచ్చింది కాబట్టి సరిపోయింది.

లాయరు షరతు సడలించమని పిటిషన్ వేశారు. దరఖాస్తు కాగితాలు తెలుగులో రాసిపెట్టింది చెల్లే. ఒక్క షూరిటీ చాలని కోర్టు ఒప్పుకుంది. మేనమామ పూచీ పడ్డాడు. తొమ్మిది రోజులకి కుర్రాడు బయటికొచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది, తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. కానీ తీర్పు రాకముందే, బెయిల్ వచ్చాక కూడా, అన్ని రోజులు లోపలున్నాడు.

ఇక్కడ చెల్లిని హీరోయిన్ చేయట్లేదు. ఇంటర్న్ వాదించకూడదు. వకాల్తా వేయలేదు. తను చేసింది కాగితం సరిగ్గా చదివి, సరైన మనిషి దగ్గరికి తీసుకెళ్లడం. అయితే స్టూడెంట్లు చేసే పని చిన్నదని కూడా అనుకోకండి. 2016లో ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ మరణశిక్ష ఖైదీల మీద ఒక పెద్ద రిపోర్ట్ తెచ్చింది. అప్పటికున్న 385 మందిలో 373 మందితో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడిన బృందాల్లో చాలామంది లా స్టూడెంట్లే.

ఆ రాత్రి చెల్లి ఇంకో సంగతి చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపేస్తే బెయిల్ మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులున్నవాళ్లకి ఇది వర్తించదు. నేను వెంటనే "ఎక్సెల్‌లో ఫార్ములా పెడితే ఎవరు అర్హులో ఐదు నిమిషాల్లో వస్తుంది కదా" అన్నాను. "ఫార్ములా నువ్వు పెడతవ్. అరెస్టు తారీఖు సరిగ్గ ఎవరు ఎక్కిస్తరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు సంగతి మాత్రం ఇంకా నాకు మింగుడుపడదు. చదువయ్యాక జూనియర్ లాయర్లకి సిటీల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబర్‌లో సూచించింది. సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. ఇంటర్న్‌లకి ఆ మాట కూడా లేదు. రోజంతా పని చేయించుకుని బస్సు చార్జీ కూడా ఇవ్వకపోతే, చివరికి లాయర్ల పిల్లలే లాయర్లవుతారు. అప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు కాగితం ఆవిడ భాషలో చదివి చెప్పేదెవరు? ఒక మేలు మాత్రం జరిగింది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలకి మించకూడదని, ఎస్సీ ఎస్టీలకైతే 125 అని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో వేలల్లో ఉండేది.

మీరు లా చదువుతుంటే మా చెల్లి చెప్పమన్న మాట: సెలవులు మొదలయ్యాక కాదు, రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. మెయిల్ ఒక్కటే నమ్ముకోకండి, మనిషి కనబడాలి. డైరీ ఏ రోజుది ఆ రోజే రాయండి, క్లయింట్ల పేర్లు మాత్రం రాయొద్దు.

చెల్లికి ఇంకా ఎనిమిది వారాలు మిగిలున్నాయి. సోమవారం నుంచి ఒక ట్రయల్ కోర్టు లాయర్ ఆఫీసు. ఈసారి "ఎవరి తాలూకు" అని అడగలేదట. "తెలుగు టైపింగ్ వచ్చా?" అన్నారట. రెండు రోజులుగా నా ల్యాప్‌టాప్ తన దగ్గరే ఉంది.